ఉగ్రవాది ఫోన్ వింటే తప్పేమిటి?

పాఠకుల ప్రశ్నలు, న్యాయవాది జవాబులు

రెండు సంచికల కిందట ఈ శీర్షికలో ఫోన్ ట్యాపింగ్ గురించి ఒక చిన్న జవాబు రాశాను. ప్రభుత్వం ఎవరి ఫోన్ వినాలన్నా కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ హోం కార్యదర్శి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలనీ, అత్యవసరమైతే తప్ప అది లేకుండా వినడం చట్టవిరుద్ధమనీ అందులో చెప్పాను. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు ఇంతకుముందు ఏ జవాబుకూ రాలేదు. మెచ్చుకున్నవారు కొందరు, కోప్పడినవారు ఎక్కువమంది. కోప్పడినవారి బాధలో నిజం ఉంది గనుక ఈసారి స్థలమంతా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం నేను దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డుకు అవతలి వైపు ఉన్నాను. ఆ రోజు చూసినది ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోలేదు. బాంబులు పెట్టేవాడి ఫోన్ వినడానికి కూడా అనుమతులు, కమిటీలు, హక్కులు అంటూ అడ్డం పడితే పోలీసులు ఏం చేయాలి? అయినా తప్పు చేయనివాడికి భయమెందుకు?
విశ్రాంత ఉద్యోగి, సరూర్‌నగర్

జవాబు: అయ్యా, ఆ సాయంత్రం 18 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోడ్డు మీద నిలబడి చూసిన మీకు హక్కుల గురించి పాఠం చెప్పే అర్హత నాకు లేదు. మీ ప్రశ్నలో సగంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. బాంబు పెడతాడని గట్టి సమాచారం ఉన్నవాడి ఫోన్ ప్రభుత్వం వినాలి. వినకపోతే అది ప్రభుత్వం చేసిన తప్పు.

చట్టం కూడా దీనికి అడ్డం పడదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 5(2) సెక్షన్ ఈ అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఇప్పుడు ఆ స్థానంలోకి వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 20వ సెక్షన్ కూడా దాదాపు అవే మాటలతో ఇస్తోంది. హోం కార్యదర్శి సంతకం కోసం ఆగే వ్యవధి లేదనుకున్నప్పుడు రాష్ట్రంలో ఐజీ స్థాయికి తగ్గని అధికారి ముందుగా ఉత్తర్వు ఇచ్చి వినడం మొదలుపెట్టవచ్చు. మూడు పనిదినాల్లో పైవారికి తెలియజేయాలి. ఏడు పనిదినాల్లో వారి ఆమోదం రాకపోతే వినడం ఆపాలి. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో హోటళ్లలోనూ నారిమన్ హౌస్‌లోనూ చొరబడినవారు పాకిస్తాన్‌లోని తమ యజమానులతో మాట్లాడిన మాటలను మన అధికారులు అప్పటికప్పుడే విన్నారు, రికార్డు చేశారు. 2012 ఆగస్టులో కసబ్ ఉరిశిక్షను సుప్రీంకోర్టు ఖరారు చేసినప్పుడు ఈ దాడి సరిహద్దు అవతల నుంచి నడిచిందనడానికి ఆ సంభాషణలు బలమైన సాక్ష్యమయ్యాయి. అవతలివారు టీవీ చూస్తూ లోపలి వారికి దారి చెప్పారన్న సంగతీ వాటి వల్లనే బయటపడింది. ఆ మూడు రోజుల్లో గోప్యత హక్కు ఎవరి చేతులనూ కట్టలేదు.

అందుచేత వినాలా వద్దా అన్న దగ్గర మీకూ నాకూ పేచీ లేదు. ఎవరు అడుగుతున్నారు, ఎవరు ఒప్పుకుంటున్నారు, ఒప్పుకున్నది సరైనదేనా అని ఆ తర్వాత ఎవరు చూస్తున్నారు అన్నదే నా ప్రశ్న. మన పద్ధతిలో అడిగేది పోలీసు శాఖ. ఒప్పుకునేది ఆ శాఖ ఏ మంత్రిత్వం కింద ఉందో ఆ హోం శాఖ కార్యదర్శి. సరిచూసేది రాష్ట్రంలో అయితే ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, మరొక కార్యదర్శి ఉండే సమీక్ష కమిటీ. కేంద్రంలో అయితే క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన అలాంటిదే మరో కమిటీ. ముగ్గురూ సమర్థులే కావచ్చు, నిజాయితీపరులే కావచ్చు. అయినా మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు వరకు ప్రభుత్వం బయటి మనిషి ఒక్కరూ లేరు. మన ఇంటి సోదాకు మేజిస్ట్రేటు వారంటు ఇచ్చే పద్ధతి ఉంది. ఇల్లు సోదా చేస్తే ఆ రోజు ఇంట్లో ఉన్నది మాత్రమే దొరుకుతుంది, అదీ మన కళ్ల ముందే జరుగుతుంది. ఫోన్ ఉత్తర్వు ఒకసారికి 60 రోజులు, పొడిగిస్తూ పోతే 180 రోజులు నడుస్తుంది. ఆరు నెలల బతుకును వినడానికి న్యాయమూర్తి సంతకం అక్కరలేదు.

ఆ సమీక్ష ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. సమాచార రక్షణపై కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన నివేదికలో, సమాచార హక్కు కింద బయటికి వచ్చిన లెక్కల ఆధారంగా, రెండు నెలలకు ఒకసారి కూర్చునే సమీక్ష కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులను చూడవలసి వస్తోందని, అది జరిగే పని కాదని రాసింది. ముగ్గురు అధికారులు ఉదయం తొమ్మిదికి కూర్చుని, మంచినీళ్లకు కూడా లేవకుండా ఎనిమిది గంటలు చూశారనుకుందాం. ఒక్కో కాగితానికి రెండు సెకన్లు కూడా పడవు. అందులో ఒకటి మీ దిల్‌సుఖ్‌నగర్ నిందితుడి ఫోన్ కావచ్చు, మరొకటి మీ ఇంటి పక్క విలేఖరిది కావచ్చు. ఏది ఏదో తెలిసే వీలు ఆ రెండు సెకన్లలో లేదు. పైగా అక్కరలేని వేల సంభాషణలు వినే వ్యవస్థకు అవసరమైన ఒక్క సంభాషణ మీద నిలపవలసిన దృష్టి చెదురుతుంది. సంతకం కష్టమైన చోటే పోలీసులు గట్టి ఆధారం ఉన్నవారిని ఏరుకుంటారు. ఈ లెక్కన మీరు కోరుకునే భద్రతకు కూడా సరైన తనిఖీయే మేలు.

ఒకసారి ఒక కేసులో నాకు అలాంటి ఉత్తర్వు నకలు దక్కింది. ఒకటే పేజీ. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, ప్రజాశాంతి అంటూ సెక్షన్‌లో ఉన్న మాటలన్నీ వరసగా టైపు చేసి ఉన్నాయి. ఈ మనిషి వల్ల వాటిలో దేనికి ముప్పు, ఎందుకు అన్నది ఒక్క ముక్క లేదు. ఫోన్ నంబరు కోసం వదిలిన ఖాళీని మాత్రం నీలిరంగు పెన్నుతో నింపారు. ఆ నంబరు చెరిపి ఇంకొకటి రాసినా ఆ కాగితంలో మరే అక్షరమూ మార్చనక్కరలేదు. అది చూసిన రోజు నుంచి ఈ విషయంలో నా మనసు కుదుటపడలేదు.

ఇక తప్పు చేయనివాడికి భయమెందుకు అన్నారు. ఫోన్‌కు రెండు కొసలు ఉంటాయి. అనుమానితుడి ఫోన్ 60 రోజులు వింటే అతని తల్లి, అతని వైద్యుడు, అప్పు ఇచ్చినవాడు, పెళ్లి సంబంధం మాట్లాడిన పెద్దమనిషి, కేసు చూసే న్యాయవాది అందరి మాటలూ వింటారు. వీరిలో ఎవరి మీదా ఏ అనుమానమూ లేదు. ఇంకొక మాట. మీరు ఉగ్రవాది అన్నారు, చట్టం చేతిలో ఉన్నది అనుమానితుడు. ఉగ్రవాది అని తేలేది తీర్పు రోజున, ఫోన్ వినేది దానికి ఏళ్ల ముందు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పాతబస్తీ నుంచి ఎంతోమంది కుర్రవాళ్లను ఉగ్రవాదులన్న అనుమానంతోనే పట్టుకెళ్లారు. కోర్టులు వారిని నిర్దోషులుగా వదిలిపెట్టాక అప్పటి ప్రభుత్వమే కొందరికి పరిహారం చెల్లించింది. ఆ పరిహారాన్ని హైకోర్టు తర్వాత కొట్టివేసింది, వారి నిర్దోషిత్వాన్ని కాదు. ఆ కుర్రవాళ్లూ తప్పు చేయనివారే. వారు భయపడవలసి వచ్చింది.

ప్రశ్న: రాజ్యాంగంలో గోప్యత అన్న మాటే లేదని మా అధ్యాపకులు చెప్పారు. మరి అది ప్రాథమిక హక్కు ఎలా అయింది?
న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మాట లేదు, నిజమే. ఆ హక్కు కథలో మన తెలుగువాడు ఒకరు ఉన్నారు, ఆ సంగతి మీ తరగతిలో చెప్పారో లేదో.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గానీ ఆయన పేరిట హిస్టరీ షీట్ తెరిచారు. కానిస్టేబుళ్లు, గ్రామ చౌకీదార్లు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టడం, పిలిచి లేపడం, ఊరు దాటితే ఎక్కడికని ఆరా తీయడం ఏళ్ల తరబడి నడిచాయి. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1962 డిసెంబరులో తీర్పు చెబుతూ రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదంది. గోప్యత మాత్రం రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని, కనిపెట్టి ఉండే మిగతా పద్ధతులు కొనసాగవచ్చని నలుగురు అన్నారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీ వెళ్లిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి దీనితో విభేదించారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలోనే ఇమిడి ఉందని, పోలీసుల కళ్ల కింద నడిచే నడకను స్వేచ్ఛగా నడవడం అని ఎలా అంటామని, అలాంటివాడికి దేశమంతా జైలేనని ఆయన రాశారు. ఫోన్లు కొద్దిమంది ఇళ్లలోనే ఉన్న రోజుల్లో రాసిన మాట అది. జేబులో ఫోన్ పెట్టుకుని తిరిగే మనకు అది ఇంకా దగ్గరగా తగులుతుంది.

ఓడిన ఆ అభిప్రాయం గెలవడానికి 54 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని, 21వ అధికరణంలోని జీవించే హక్కులోనూ స్వేచ్ఛలోనూ అది ఉందని తేల్చారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు గారు చెప్పినదే సరైనదన్నారు. అయితే అది హద్దులేని హక్కు కాదని కూడా అదే తీర్పులో ఉంది. ప్రభుత్వం దానిని తగ్గించాలంటే అందుకు ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతే తగ్గించాలి, దుర్వినియోగం కాకుండా కట్టుబాట్లు ఉండాలి. ఉగ్రవాదాన్ని ఆపడం న్యాయమైన ప్రయోజనమే, ఎవరూ కాదనరు. ఎంత అవసరమో అంతే అన్న చోటనే అసలు పరీక్ష.

ఫోన్ల గురించి ప్రత్యేకంగా చదవాలంటే పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న ఇచ్చిన తీర్పు చూడండి. రాజకీయ నాయకుల ఫోన్లు ఇష్టం వచ్చినట్టు విన్నారన్న సీబీఐ నివేదిక బయటపడిన తర్వాత వేసిన వ్యాజ్యం అది. హోం కార్యదర్శి సంతకం, రెండు నెలల గడువు, సమీక్ష కమిటీ అన్నీ ఆ తీర్పులో పుట్టి 2007లో నియమాలుగా మారాయి. ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న వాదనను మాత్రం కోర్టు, చట్టంలో అలా లేదు గనుక మేము చేర్చలేమని పక్కన పెట్టింది. చట్టం చేసేవారు 2023లో కొత్త చట్టం తెచ్చారు, 2024 డిసెంబరులో కొత్త నియమాలు తెచ్చారు. రెండింటిలోనూ న్యాయమూర్తికి చోటు ఇవ్వలేదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఇది తప్పకుండా రాయండి.

ప్రశ్న: తెలంగాణలో మావోయిస్టుల మీద నిఘాకు పెట్టిన విభాగమే ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నదని పత్రికల్లో చదివాము. ఇంతమంది సంతకాలు ఉండగా అది ఎలా సాధ్యం?
ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, ఆ కేసులోని ఆరోపణలు కోర్టులో రుజువు కావలసినవి గనుక వ్యక్తుల జోలికి వెళ్లను. 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట ఠాణాలో నమోదైన కేసులో పోలీసులు చెబుతున్నది స్థూలంగా ఇది. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఒక బృందం రాజకీయ నాయకులు, వ్యాపారులు మొదలైన వారి ఫోన్లపై నిఘా పెట్టింది. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చిన వెంటనే ఆ సమాచారం ఉన్న హార్డ్ డిస్కులను ధ్వంసం చేసింది. మావోయిస్టు సంబంధాలు అన్న కారణం చూపి ఆ నంబర్లకు అనుమతులు తీసుకున్నారన్నది కూడా ఆరోపణల్లో భాగం.

మీ ప్రశ్నకు జవాబు ఆ చివరి వాక్యంలో ఉంది. ఎవరూ హోం కార్యదర్శి దగ్గరికి వెళ్లి ఫలానా నాయకుడు రేపటి సభలో ఏం మాట్లాడతాడో వినాలి అని అడగరు. తీవ్రవాదం అని రాసి, కింద ఒక నంబరు రాస్తారు. పది అంకెల నంబరు చూసి అది ఎవరిదో చెప్పగలవారు ఎవరు? టెలికాం కంపెనీలో ఉత్తర్వు అందుకునే నోడల్ అధికారి అడగడు, అడిగే అధికారం అతనికి లేదు. సమీక్ష కమిటీ సంగతి పైన చెప్పాను. ఒక్క ఉత్తర్వు పట్టాలు తప్పితే పట్టుకునే చెయ్యి ఈ దారిలో ఎక్కడా లేదు.

నాకు ఇందులో ఎక్కువ బాధ కలిగించేది ఒకటి ఉంది. మావోయిస్టులతో పోరులో పోలీసు కుటుంబాలు ఎంతమందిని పోగొట్టుకున్నాయో వరంగల్, కరీంనగర్ జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. ఆ పోరు కోసమని ఇచ్చిన అధికారాన్ని ఎన్నికల కోసం వాడారన్నది నిజమని తేలితే, నష్టపోయినది వినబడిన నాయకులు మాత్రమే కాదు. రేపు నిజంగా ప్రమాదకరమైన మనిషి ఫోన్ వినాలని ఒక నిజాయితీపరుడైన అధికారి ఫైలు పంపితే, దానినీ జనం నమ్మరు.

2021 అక్టోబరు 27న ఫోన్లలోకి చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్ పెగాసస్ వ్యవహారంలో, జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం దేశ భద్రత అన్న మాట ఎత్తిన ప్రతిసారీ ప్రభుత్వానికి పరిశీలన నుంచి మినహాయింపు దొరకదని స్పష్టం చేసింది. ఆ మాట మీ విద్యార్థులకు చెప్పదగినది.

ప్రశ్న: నా కాల్ డేటా తీసుకోవడానికి కూడా హోం కార్యదర్శి సంతకం కావాలా?
చిరు వ్యాపారి, నంద్యాల

జవాబు: అక్కరలేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు చేశారు, ఏ టవరు కింద ఉన్నారు అన్న వివరాలను దర్యాప్తులో పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 94వ సెక్షన్ కింద కోరవచ్చు. ఇది పాత సీఆర్‌పీసీలో 91వ సెక్షన్. మాటలు వినలేదు కదా అని తేలికగా తీసుకోకండి. ఒక మనిషి వరసగా నెల రోజులు ఏ ఆసుపత్రికి, ఏ న్యాయవాదికి, రాత్రి ఎవరికి ఫోన్ చేశాడో తెలిస్తే, అతను నోరు విప్పి చెప్పవలసినది పెద్దగా మిగలదు.

ప్రశ్న: ట్యాప్ చేసిన సంభాషణ కోర్టులో ఉందంటే ఇక ఆ కేసులో చెప్పుకోవడానికి ఏముంటుంది? మనిషి తన నోటితో అన్నదే కదా!
పత్రికా పాఠకుడు, అనంతపురం

జవాబు: ఈ ప్రశ్నకు మన దేశంలో అన్నిటికన్నా పెద్ద ఉగ్రవాద కేసులలో ఒకటి జవాబు చెబుతుంది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. మర్నాడు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అరబిక్ బోధించే ఎస్.ఏ.ఆర్. గిలానీ ఫోన్ మీద పోలీసుల చెవి ఉంది. శ్రీనగర్ నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. ఇద్దరూ కాశ్మీరీలో 2 నిమిషాల 16 సెకన్లు మాట్లాడుకున్నారు. ఢిల్లీలో ఏం చేశావు అని తమ్ముడు అడిగాడని, అన్న నవ్వి అది అవసరమైందన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడని ప్రాసిక్యూషన్ అనువాదం. తమ్ముడు అడిగినది ఏం జరిగింది అని మాత్రమేనని, పండుగకు కాశ్మీరు వెళ్లే విషయంలో భార్యాభర్తల మధ్య వచ్చిన తగవు గురించి అడిగాడని డిఫెన్స్ వాదన. 2002 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఆయనకు ఉరిశిక్ష వేసింది.

2003లో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తులు ఆ టేపును తెప్పించుకుని తామే విన్నారు. అసలు ఆ మాట వారికి స్పష్టంగా వినబడలేదు. ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టారు. 2005 ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఆ విడుదలను ఖరారు చేసింది. ఆయన ప్రవర్తన మీద అనుమానం ఉందని సుప్రీంకోర్టు రాసిన మాట కూడా దాచకూడదు. అయితే అనుమానం ఎంత బలమైనదైనా రుజువు స్థానంలో కూర్చోలేదని అదే కోర్టు అన్నది. అర్థం కాని రెండు మూడు కాశ్మీరీ మాటల మధ్య ఒక మనిషి ప్రాణం సుమారు ఏడాది పాటు వేలాడింది.

మన భాషలోనే చూడండి. రేపు తెల్లారేసరికి లేపేయాలి అని ఒకరు ఫోన్‌లో అన్నారు. అది పెళ్లి పందిరి గురించా, పరీక్షకు వెళ్లే పిల్లవాడి గురించా, మనిషిని చంపడం గురించా అన్నది వినే చెవికి తెలియదు. ముందు రోజు జరిగిన మాటలు, గొంతు, నవ్వు, ఆ ఇంటి వాడుక తెలిసినవారికే తెలుస్తుంది. దానిని ఒక కానిస్టేబులు కాగితం మీద రాసి, మరొకరు ఇంగ్లీషులోకి మార్చి, వేరే రాష్ట్రపు న్యాయమూర్తి ముందు పెడితే పందిరి, పిల్లవాడు మాయమై మూడవ అర్థమే మిగలవచ్చు. ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా చట్టం కింద పెట్టిన కేసులో ట్యాప్ చేసిన సంభాషణను వాడాలంటే దానికి అనుమతి ఇచ్చిన ఉత్తర్వు నకలును విచారణకు కనీసం పది రోజుల ముందు నిందితుడికి ఇవ్వాలని 46వ సెక్షన్ చెబుతోంది. ఇంత కఠినమైన చట్టంలో ఈ నిబంధన ఉండటం చిన్న విషయం కాదు. మామూలు కేసుల్లో కోర్టులు భిన్నంగా నడుస్తున్నాయి. పార్లమెంటు కేసులోనే సుప్రీంకోర్టు, నియమాలు పూర్తిగా పాటించనంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదని అన్నది. 2019 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక లంచం కేసులో, ప్రజా భద్రతకు సంబంధం లేకుండా ఇచ్చిన ట్యాపింగ్ ఉత్తర్వులను కొట్టివేసి, రికార్డు చేసినదంతా ధ్వంసం చేయమన్నది. రెండవ దారే పుట్టస్వామి తీర్పుకు తగినదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు. రోజూ రాత్రి ఫోన్‌లో మాట్లాడుకుంటాము. అమెరికా ప్రభుత్వం అందరి ఫోన్లూ వింటుందని చుట్టాలు భయపెడుతున్నారు. నిజమా?
గృహిణి, తెనాలి

జవాబు: అందరి మాటలూ కూర్చుని వినడం లేదమ్మా, ధైర్యంగా మాట్లాడుకోండి. అయితే మీ చుట్టాల మాటలో కొంత ఆధారం ఉంది. అమెరికాలో ఉన్నవారు చేసే ఫోన్ల వివరాలను, అంటే నంబరు, సమయం, నిడివి, అక్కడి జాతీయ భద్రతా సంస్థ మూకుమ్మడిగా సేకరిస్తోందని 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టారు. ఉగ్రవాదాన్ని ఆపడానికే అన్నారు. ప్రభుత్వం నియమించిన గోప్యతా పర్యవేక్షణ మండలే 2014 జనవరిలో ఆ కార్యక్రమాన్ని పరిశీలించి, ఉగ్రవాద దర్యాప్తులలో ఒక్కదానిలోనైనా దాని వల్ల ఫలితం మారిన దాఖలా తమకు కనబడలేదని తేల్చింది. 2015 జూన్‌లో చట్టం చేసి ఆ మూకుమ్మడి సేకరణను ఆపారు.

విదేశాల్లో ఉన్న విదేశీయుల సంభాషణలను సేకరించడానికి వీలిచ్చే, అక్కడి విదేశీ గూఢచార నిఘా చట్టంలోని 702వ సెక్షన్ వేరు. దానిని 2024 ఏప్రిల్‌లో మరో రెండేళ్లకు పొడిగించారు. ఆ సెక్షన్ కింద విదేశీ గూఢచార సమాచారం దొరుకుతుందనుకున్న వ్యక్తినే లక్ష్యం చేసుకోవాలి గానీ, కొడుకుతో వంట గురించి మాట్లాడే తల్లిని కాదు. కాకపోతే మనవంటి విదేశీయులకు ఆ చట్టంలో వ్యక్తిగత వారంటు రక్షణ లేదన్నది నిజం.

ప్రశ్న: నా ఫోన్ ట్యాప్ అయిందో లేదో నాకు ఎలా తెలుస్తుంది?
స్వచ్ఛంద కార్యకర్త, శ్రీకాకుళం

జవాబు: తెలియదు. గరగరమని శబ్దం వస్తుంది, ఫోన్ వేడెక్కుతుంది అన్నవి నమ్మదగిన గుర్తులు కావు. వినే పని కంపెనీ వ్యవస్థలోనే జరిగిపోతుంది, మీ ఫోన్‌కు ఆ సంగతే తెలియదు. ఉత్తర్వు రహస్యం, సమీక్ష రహస్యం. ఆరు నెలలు విని ఏమీ దొరకలేదని ఆపేసినా మీకు చెప్పాలన్న నియమం మన దగ్గర లేదు. తెలియని అన్యాయం మీద ఎవరు కోర్టుకు వెళతారు? జర్మనీలో నిఘా ముగిశాక, చెప్పడం వల్ల దర్యాప్తుకు చేటు లేదని తేలితే, ఆ మనిషికి తెలియజేయాలని చట్టం ఉంది. అక్కడా ఉగ్రవాదం ఉంది, అక్కడి పోలీసులూ దానిని ఎదుర్కొంటున్నారు. మన చట్టంలోనూ ఆ ఒక్క నియమం రావాలని, సంతకం న్యాయమూర్తి చేతికి మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అంతవరకు, ఎప్పుడైనా మీ మీద కేసు పెట్టి అందులో మీ సంభాషణ చూపిస్తే, మీ న్యాయవాది చేత రెండు అడిగించండి. మొదటిది ఆ ఉత్తర్వు నకలు. రెండవది సమీక్ష కమిటీ దానిని చూసిన తేదీ.